సమాధానం: అల్లర్లకు సైన్యం వస్తే అరెస్టు చేయవచ్చా?

అన్నగారూ, బుడమేరు వరదలప్పుడు సైనికులను చూశాక, విజయవాడలో అల్లర్లు జరిగితే వాళ్లే వచ్చి అరెస్టులు చేయవచ్చా అని అడిగారు. 2024లో వాళ్లు గండ్లు పూడ్చడానికి వచ్చారు, లాఠీ పట్టడానికి కాదు. మూకను చెదరగొట్టాలంటే భారతీయ నాగరిక సురక్షా సంహిత (నేర విచారణ పద్ధతుల చట్టం) 149వ సెక్షన్ ప్రకారం జిల్లా మేజిస్ట్రేటు గానీ, ఆయన అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు గానీ అక్కడ ఉండి కోరాలి. అప్పుడు అరెస్టులూ చేయవచ్చు, అయితే వీలైనంత తక్కువ బలంతోనే. మేజిస్ట్రేటును సంప్రదించే వీల్లేక, ప్రజాభద్రతకు స్పష్టమైన ముప్పు ఉంటే 150వ సెక్షన్ కింద సైనికాధికారే రంగంలోకి దిగవచ్చు. ఫోను కలిసిందా, ఇక మేజిస్ట్రేటు మాటే వినాలి. మామూలు జవానుకు ఈ అధికారం లేదు. మీ బావమరిది గట్టిగా వాదించిన 1878 నాటి పోసీ కోమిటేటస్ చట్టం, అంటే పోలీసు పనులకు సైన్యాన్ని వాడడాన్ని కట్టడి చేసేది, అమెరికాది. బెంజి సర్కిల్‌లో చెల్లదు.