టెక్ సందేహాలు: పంక్చర్ లేదంటారు, గాలి మాత్రం నిలవదు

ప్రశ్న: మా కారు ముందు ఎడమ టైరులో గాలి నిలవడం లేదు. 33 పీఎస్‌ఐ కొట్టిస్తే వారం తిరిగేసరికి 26కి వచ్చేస్తోంది. రెండు షాపుల్లో నీళ్లలో ముంచి చూసి పంక్చర్ లేదన్నారు. కారు కొని ఏడేళ్లయింది, అల్లాయ్ చక్రాలు. టైరు మార్చేయమని సలహా ఇస్తున్నారు. మార్చమంటారా? (ఖమ్మం నుంచి ఒక పాఠకురాలు)

అప్పుడే మార్చకండి. గాలి టైరులోంచి పోతోందా, చక్రం దగ్గర పోతోందా అన్నది ఇంకా తేలలేదు. లోపం చక్రంలో ఉంటే కొత్త టైరు వేయించినా వచ్చే వారానికి మళ్లీ 26 దగ్గరే ఉంటారు.

ముందు మీరిచ్చిన అంకెలు చూద్దాం. వారానికి 7 అంటే రోజుకు ఒక పీఎస్‌ఐ. బాగున్న టైరులోంచి కూడా రబ్బరు గుండా గాలి కొద్దికొద్దిగా బయటికి పోతూనే ఉంటుంది. అది నెలకు సుమారు ఒక పీఎస్‌ఐ. నెలరోజుల్లో పోవాల్సింది మీకు ఒక్కరోజులో పోతోంది కాబట్టి ఎక్కడో లీకు ఉన్నట్టే. అది ఎంత సన్నదో కూడా లెక్క కట్టవచ్చు. చిన్న కారు టైరులో దాదాపు 30 లీటర్ల చోటు ఉంటుంది. అందులో ఒక పీఎస్‌ఐ తగ్గిందంటే రెండు లీటర్ల గాలి బయటికి వచ్చిందని అర్థం. రోజంతటికీ పంచితే నిమిషానికి ఒకటిన్నర మిల్లీలీటర్లు కూడా రాదు. కందిగింజంత బుడగ మూడు సెకన్లకొకటి వస్తే చాలు, వారంలో మీ టైరు 26కి దిగిపోతుంది. నీళ్ల తొట్టెలో చక్రాన్ని గబగబా ఒక చుట్టు తిప్పి తీసేస్తే ఆ బుడగ కంటికి దొరకదు. ‘పంక్చర్ లేదు’ అన్న మాట చాలాసార్లు ఆ తొందరలోంచే వస్తుంది.

అందుకే సబ్బు నీళ్లు వాడండి. గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చెంచాలు నీళ్లలో కలిపి, స్ప్రే సీసాలో పోసుకోండి. టైరులో గాలి నిండుగా ఉన్నప్పుడు మొదట వాల్వ్ మూత తీసి, వాల్వ్ నోటి దగ్గర రెండు చుక్కలు వేసి అలాగే చూడండి. బుడగ మెల్లగా ఉబ్బిందంటే లోపలి పిన్ను సరిగా మూసుకోవడం లేదన్నమాట. స్ప్రింగుతో నడిచే ఈ పిన్ను ఏర్పాటు 1890ల నాటిది. ఇప్పటికీ సైకిలు వాల్వుల్లో ఒక రకానికి, బైకుకు, కారుకు అదే వాడుతున్నారు. దుమ్ము పడ్డా, రబ్బరు వాషరు గట్టిపడ్డా లీకవుతుంది. దాన్ని మార్చడం రెండు నిమిషాల పని, ఖర్చూ నామమాత్రమే. తర్వాత వాల్వ్ కాడ చక్రంలోకి దిగే చోట సబ్బు నీళ్లు కొట్టి, కాడను వేలితో అటూ ఇటూ వంచండి. ఏడేళ్ల ఎండకు ఆ రబ్బరు కాడ అడుగు దగ్గర పగుళ్లిస్తుంది. నిలువుగా ఉన్నప్పుడు మూసుకునే పగులు వంచగానే నోరు తెరుస్తుంది.

వాల్వ్ బాగుంటే టైరు రోడ్డుకు తగిలే భాగమంతా తడపండి. కారును అరచుట్టు ముందుకు జరిపి, కింద దాక్కున్న భాగాన్నీ చూడండి. మేకో, ముల్లో కనిపిస్తే పీకకండి. దాని చుట్టూ సుద్దముక్కతో గీసి షాపుకు తీసుకెళ్లండి. అక్కడ కూడా ఏమీ లేకపోతే నా అనుమానం టైరు అంచు చక్రంపై కూర్చునే చోటు మీద. అల్లాయ్ చక్రాలకు వయసు వచ్చేకొద్దీ ఆ అంచున పెయింటు పొక్కులు లేచి, కింద తెల్లటి పొడి పడుతుంది. అల్యూమినియం తుప్పు అది. టైరు రబ్బరుకీ లోహానికీ మధ్య ఆ పొడి చేరితే గాలి సన్నగా జారిపోతూ ఉంటుంది. సబ్బు నీళ్లు కొడితే పెద్ద బుడగలేమీ రావు. ఐదు నిమిషాలాగితే అంచు వెంబడి తెల్లగా, సన్నగా నురగ పేరుకుంటుంది. బయటివైపు లేకపోతే చక్రం విప్పి లోపలివైపు తప్పకుండా చూడాలి. గుంతల్లో పడి రిమ్ సొట్టపోయేది ఎక్కువగా లోపలివైపే.

అంచు లీకైతే మందు ఇదీ: టైరు విప్పి, రిమ్ అంచును వైరు బ్రష్‌తో, గరుకు కాగితంతో శుభ్రంగా గీకి, బీడ్ సీలర్ (అంచు సందుల్ని మూసే పూత) పూసి మళ్లీ ఎక్కించి, బ్యాలెన్సింగ్ చేయించాలి. టైరు ఎలాగూ విప్పుతున్నారు కాబట్టి రబ్బరు వాల్వ్ కూడా కొత్తది వేయించుకోండి. బ్యాలెన్సింగ్ మిషన్ మీద చక్రం తిరుగుతుంటే పక్కనే నిలబడి రిమ్ అంచును గమనించండి. ఊగుతూ తిరిగితే అది వంగింది. అప్పుడు రిమ్ సంగతి తేల్చాల్సిందే.

టైరు విప్పినప్పుడు లోపలికి కూడా తొంగిచూడండి. గాలి తక్కువతో చాలా దూరం నడిచి ఉంటే సైడ్‌వాల్ (టైరు పక్కభాగం) లోపలి రబ్బరు నలిగి, నల్లటి పొడి రాలి ఉంటుంది. ఆ పొడి కనిపిస్తే మటుకు ఆ టైరును మళ్లీ ఎక్కించనివ్వకండి. బయటికి ఎంత బాగున్నా లోపల దారాలు దెబ్బతిన్నాయి. ఎండాకాలం హైవే మీద పేలేది ఇలాంటి టైర్లే. గాలి తక్కువైనకొద్దీ టైరు పక్కలు ఎక్కువగా మడత పడతాయి, ఆ మడతల్లో వేడి పుడుతుంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద గంటకు 120 కిలోమీటర్ల వరకు వెళ్లనిస్తున్న రోజుల్లో 26తో ఆ రోడ్డెక్కడం ప్రాణాలతో చెలగాటం.

ఇదంతా తేలేవరకు ఒక పని చేయండి. వంద రూపాయలదైనా, వెయ్యి రూపాయలదైనా సొంత గేజి ఒకటి కొనుక్కుని, రోజూ ఉదయం కారు తీయకముందే నాలుగు టైర్ల అంకెలూ ఫోనులో రాసుకోండి. బంకు గేజికీ మీ గేజికీ ఒకటి రెండు తేడా ఉండవచ్చు, దాంతో ఇబ్బంది లేదు. రోజూ అదే గేజి వాడితే చాలు. ఒక టైరు అంకెను విడిగా చూస్తే తెలిసేది తక్కువ. మిగతా మూడింటి పక్కన పెట్టి చూసినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. నాలుగూ సమంగా తగ్గితే అది వాతావరణం పని, ఒక్కటే జారుతుంటే లీకు. ఎంత కొట్టించాలన్నది డ్రైవర్ తలుపు పక్క స్తంభం మీద అంటించిన పట్టికలో ఉంటుంది. టైరు మీద అచ్చేసి ఉండే పీడనం అంకె ఆ టైరు తట్టుకోగల గరిష్ఠ పీడనం, దాన్ని చూసి కొట్టించకూడదు.

ప్రశ్న: నా కారు 2016 మోడల్, టీపీఎంఎస్ (టైరులో గాలి తగ్గితే హెచ్చరించే వ్యవస్థ) లేదు. వాల్వ్ మూత స్థానంలో బిగించే సెన్సర్లు ఆన్‌లైన్‌లో చూశాను. కొనవచ్చా? బ్లూటూత్ యాప్ లొకేషన్ అనుమతి అడుగుతోందని స్నేహితుడు చెప్పాడు. ఎందుకు? (విజయవాడ)

కొనవచ్చు. నాలుగు టైర్ల అంకెలూ విడివిడిగా చూపించేదే కొనండి. అమెరికా ప్రమాణం ప్రకారం కారులోని హెచ్చరిక దీపం వెలగాల్సింది పీడనం 25 శాతం తగ్గినప్పుడు. అంటే 33 ఉండాల్సిన టైరు 25 దాకా దిగితేగానీ వెలగకపోవచ్చు. పై ప్రశ్నలో ఖమ్మం పాఠకురాలి టైరు వారమంతా జారినా ఆ దీపం నోరు విప్పదు. అంకెలు కనిపిస్తే మూడో రోజుకే తెలిసిపోతుంది.

ఈ మూత సెన్సర్లలో ఒక చిక్కుంది, అమ్మేవాళ్లు చెప్పరు. సెన్సర్ బిగించగానే అది వాల్వ్ పిన్నును లోపలికి నొక్కి ఉంచుతుంది. అలా నొక్కితేనే లోపలి గాలి సెన్సర్ దాకా వస్తుంది. దాంతో అప్పటిదాకా గాలిని ఆపిన పిన్ను పక్కకు తప్పుకున్నట్టే. ఇక గాలిని ఆపేది సెన్సర్ అడుగునున్న చిన్న రబ్బరు వాషర్ ఒక్కటే. అది సరిగా కూర్చోకపోతే లీకు కనిపెట్టడానికి కొన్న వస్తువే లీకవుతుంది. బిగించిన వెంటనే, మళ్లీ మర్నాడు దాని మొదట్లో సబ్బు నీళ్లు వేసి చూడండి. రబ్బరు వాల్వుల మీద అదనపు బరువు పడటం కూడా మంచిది కాదు, కాబట్టి ఇత్తడి వాల్వులు వేయించుకుంటే నయం. గాలి కొట్టించిన ప్రతిసారీ సెన్సర్ విప్పి బిగించాలి. ఓపిక లేకపోతే లోపల అమర్చే రకం తీసుకోండి. అది ఎక్కడుందో టైరు విప్పే కుర్రాడికి ముందే చెప్పాలి, లేకపోతే ఇనుప బద్ద తగిలి విరుగుతుంది.

లొకేషన్ సంగతి: ఆండ్రాయిడ్ 11, అంతకంటే పాత ఫోన్లలో చుట్టుపక్కల బ్లూటూత్ పరికరాలను వెతకాలంటే లొకేషన్ అనుమతి తప్పనిసరి. ఆ పద్ధతి ఆండ్రాయిడ్‌దే. ఆండ్రాయిడ్ 12 నుంచి దీనికోసం దగ్గర్లోని పరికరాల అనుమతి విడిగా పెట్టారు. మీది కొత్త ఫోను అయ్యుండి, యాప్ ఎప్పుడూ లొకేషన్ కావాలని పట్టుబడితే ఆ యాప్ వద్దు. నేనైతే డ్యాష్‌బోర్డు మీద పెట్టుకునే చిన్న తెర ఉన్న రకానికే ఓటేస్తాను. ఫోను తెచ్చామా, యాప్ తెరిచామా అన్న బెంగ ఉండదు, అలారం నేరుగా చెవిన పడుతుంది.

ప్రశ్న: టైరు గుర్తు దీపం వెలిగిన ప్రతిసారీ రీసెట్ నొక్కుతున్నాను, ఆరిపోతోంది. ఇలా చేయవచ్చా? (కర్నూలు)

దయచేసి ఆపేయండి. మీ కారులో ఉన్నది బహుశా పరోక్ష పద్ధతి. అందులో గాలిని కొలిచే సెన్సర్లే ఉండవు. గాలి తగ్గిన చక్రం చుట్టుకొలత కాస్త తగ్గి, మిగతావాటికంటే వేగంగా తిరుగుతుంది. ఏబీఎస్ బ్రేకుల కోసం చక్రాల వేగాన్ని కొలిచే సెన్సర్ల ద్వారా కారు ఆ తేడాను పసిగడుతుంది. మీరు రీసెట్ నొక్కితే ‘ఇప్పుడున్నదే సరైన గాలి’ అని దానికి నేర్పినట్టవుతుంది. టైరు 24లో ఉండగా నొక్కితే 24నే సరైనదిగా లెక్కపెట్టుకుంటుంది. నాలుగు టైర్లకూ పట్టికలో ఉన్నంత గాలి చల్లటి టైర్లలో కొట్టించి, ఆ తర్వాతే రీసెట్ నొక్కాలి.

ప్రశ్న: మేం అమెరికాలోని మినియాపొలిస్‌లో ఉంటాం. నవంబరు వచ్చిందంటే ఉదయం పూట టైరు దీపం వెలుగుతుంది, పది మైళ్లు వెళ్లాక ఆరిపోతుంది. సెన్సర్ పాడైందా?

సెన్సర్ తన పని తాను చేస్తోంది. ఉష్ణోగ్రత పది డిగ్రీల సెల్సియస్ తగ్గితే టైరులో ఒకటిన్నర పీఎస్‌ఐ దాకా తగ్గుతుంది. 35 ఉండాల్సిన టైరు నెలల తరబడి పట్టించుకోక 31కి వచ్చిందనుకోండి. 20 డిగ్రీల దగ్గర కొలిచిన ఆ 31, మైనస్ 10లో 26 అవుతుంది. దీపం వెలిగే గీత కూడా అక్కడే. కారు నడిస్తే టైరు వేడెక్కి అంకె పెరుగుతుంది, దీపం ఆరుతుంది. అది ఆరింది కదా అని వదిలేయకండి. చలి ఉదయాన, కారు తీయకముందే, పట్టికలో ఉన్నంత కొట్టించండి. దీపం మొదట నిమిషం పాటు మిణుకుమిణుకుమని తర్వాత నిలకడగా వెలిగితే అది వేరే సంగతి. వ్యవస్థలోనే లోపం ఉంది, ఎక్కువగా సెన్సర్ బ్యాటరీ అయిపోయి ఉంటుంది.

మన ఊళ్లలో ఇదే తిరగబడుతుంది. మే నెల మధ్యాహ్నం ప్రయాణం మధ్యలో కొలిస్తే 33 కాస్తా 38 చూపిస్తుంది. ఎక్కువైందని గాలి తీయించేస్తారు. రాత్రికి టైరు చల్లబడ్డాక ఉండాల్సిన దానికంటే తక్కువకు పడిపోతుంది. వేడి టైరులోంచి గాలి తీయకూడదు.

ప్రశ్న: కారులో పెట్టుకునే చిన్న గాలి పంపు, పంక్చర్ సీలెంట్ డబ్బా ఉంటే స్టెప్నీ అక్కర్లేదంటున్నారు. నిజమేనా? నైట్రోజన్ నింపిస్తే గాలి తగ్గదా? (నిజామాబాద్)

చట్టం వరకు నిజమే. టీపీఎంఎస్, టైరు రిపేర్ కిట్ ఉన్న కార్లకు అదనపు టైరు తప్పనిసరి కాదని కేంద్రం 2020లో నిబంధనలు సవరించింది. అయితే సీలెంట్ పనిచేసేది రోడ్డుకు తగిలే భాగంలోని చిన్న రంధ్రానికే. సైడ్‌వాల్ చీలినా, రిమ్ వంగినా చేసేదేమీ ఉండదు. రాత్రిళ్లు ఊరు దాటి తిరిగేవాళ్లు స్టెప్నీ వదలవద్దనే నా సలహా. సీలెంట్ డబ్బా మీద గడువు తేదీ చూడండి. వాడితే షాపులో ముందే చెప్పండి, లోపలంతా కడిగి సరైన ప్యాచ్ వేయాలి.

పంపు మాత్రం తప్పక కొనండి. అనుకున్న అంకె రాగానే తానే ఆగిపోయే రకం మేలు. కారు సాకెట్‌కు పెట్టేదైతే ఇంజిన్ నడుస్తుండగా వాడండి. పెట్టె మీద రాసిన నిమిషాలు దాటితే కాసేపు చల్లారనివ్వండి, లేకపోతే మోటారు కాలిపోతుంది.

మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్. అమెరికాలో వస్తువులను పరీక్షించే సంస్థ కన్స్యూమర్ రిపోర్ట్స్ ఏడాదిపాటు చేసిన పరీక్షలో 30 పీఎస్‌ఐ నింపి వదిలేసిన టైర్లలో మామూలు గాలి సగటున 3.5 తగ్గితే, నైట్రోజన్ 2.2 తగ్గింది. తేడా ఉంది, చాలా కొద్ది. మేకు దిగిన టైరులోంచి రెండూ పోతాయి. ఉచితంగా పోస్తే పోయించుకోండి. దారిలో తగ్గితే మాత్రం నైట్రోజన్ దొరికే చోటు కోసం ఆగకుండా, దగ్గర్లోని బంకులో మామూలు గాలే కొట్టించండి. రెండూ కలిసినా టైరుకేమీ కాదు.