మొదటి సబ్బు సాదాగా చెయ్యి

చిరంజీవి బుజ్జికి,

పెద్దమ్మ ఆశీస్సులు. ఇంట్లోనే సబ్బు చేసుకోవాలని ఉందని నువ్వు ఫోన్‌లో చెప్పినప్పటి నుంచి నాకు సంతోషంగా ఉంది, కాస్త టెన్షన్‌గానూ ఉంది. లెక్కలన్నీ ఫోన్‌లో చెబితే గుర్తుండవు, అందుకే రాస్తున్నాను.

కాస్టిక్ సోడా లేకుండా సబ్బు చేసే వీడియో చూశానన్నావు. అలాంటిది లేదమ్మా. ఆ వీడియోల్లో కరిగించి పోసేది బజార్లో దొరికే సోప్ బేస్. కాస్టిక్ పని ఫ్యాక్టరీలోనే అయిపోయి ఉంటుంది. అది తప్పేమీ కాదు, పిల్లలతో సరదాగా చేసుకోవడానికి బాగుంటుంది. కానీ నూనె నుంచి సబ్బు చేయాలంటే కాస్టిక్ పట్టుకోక తప్పదు. దానికి భయపడొద్దు, అలాగని తేలిగ్గానూ తీసుకోవద్దు.

కొనేటప్పుడు కెమికల్ షాపులో సోడియం హైడ్రాక్సైడ్ అని అడుగు. ప్యాకెట్ మీద స్వచ్ఛత 98 శాతమో అంతకు ఎక్కువో ఉండాలి. చాకలి సోడా, వంట సోడా దీనికి పనికిరావు. సింకు పైపులు శుభ్రం చేసే పొడి అసలే వద్దు, అందులో వేరే రసాయనాలు కలుస్తాయి. తెచ్చాక గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో, పేరు రాసి, పిల్లలకి అందని చోట పెట్టు. వానాకాలంలో మూత తీసి ఉంచితే గాలిలోని తేమ పీల్చి చెమ్మగిల్లుతుంది, అప్పుడు నీ తూకం తూకం కాదు.

ముందు కొనాల్సింది డిజిటల్ కాటా. సువాసనలు, రంగులు, అందమైన అచ్చులు తర్వాత చూద్దాం. సబ్బుకి గ్లాసులూ చెంచాలూ కొలత కావు. నూనె కూడా గ్రాముల్లోనే తూచాలి, మిల్లీలీటర్లలో కాదు. మొదటిసారికి ఈ లెక్క పెట్టుకో: కొబ్బరి నూనె 250 గ్రాములు, తవుడు నూనె 200, ఆముదం 50, కాస్టిక్ 73, నీళ్ళు 150. కొబ్బరి నూనె గట్టిదనాన్నీ నురగనూ ఇస్తుంది, ఆముదం ఆ నురగని నిలబెడుతుంది, తవుడు నూనె ఒంటికి మెత్తగా ఉంటుంది. తలకి రాసుకునే సువాసన నూనె మాత్రం పోయకు. వాటిలో చాలావాటికి మినరల్ ఆయిల్ కలుపుతారు, అది ఎంత కాస్టిక్ వేసినా సబ్బుగా మారదు.

73 ఎందుకో తెలుసుకో. ఈ నూనెలన్నీ పూర్తిగా సబ్బుగా మారాలంటే సుమారు 79 గ్రాముల కాస్టిక్ కావాలి. మనం కావాలనే తగ్గిస్తాం. అప్పుడు కాస్త నూనె సబ్బులో మిగిలి చర్మాన్ని కాపాడుతుంది, తూకంలో చిన్న తేడా వచ్చినా ప్రమాదం ఉండదు. ఒక్కో నూనె తినే కాస్టిక్ ఒక్కోలా ఉంటుంది. గ్రాము కొబ్బరి నూనెకి 0.183 గ్రాములు కావాలి, తవుడు నూనెకి దాదాపు 0.133 చాలు. ఇంట్లో కొబ్బరి నూనె తక్కువైందని 100 గ్రాములు తవుడు నూనె పోశావనుకో, 5 గ్రాముల కాస్టిక్ ఎక్కువైపోతుంది. మనం ఉంచుకున్న వెసులుబాటు దాదాపు అంతా దానికే పోతుంది. అందుకే నూనె మారిస్తే లెక్క మళ్ళీ మొదటి నుంచి వెయ్యి. పాడైతే పోయేది తక్కువే కదా అని మరీ చిన్న మోతాదులో కూడా చెయ్యకు. 100 గ్రాముల నూనెతో చేస్తే కాటాలో ఒక్క గ్రాము తేడాయే పెద్దదవుతుంది.

కలిపే రోజు పొడుగు చేతుల చొక్కా, గ్లౌజులు, కళ్ళకి గాగుల్స్ తప్పవు. కళ్ళజోడు ఉంది కదా అనకు, పక్కల నుంచి చుక్క పడితే అది ఆపదు. స్టీలు గిన్నెలే వాడు. సత్తు గిన్నెలు, అంటే అల్యూమినియంవి, నాన్‌స్టిక్‌వి వద్దు. కాస్టిక్ అల్యూమినియాన్ని తినేస్తూ మండే వాయువుని వదులుతుంది. బాల్కనీలో నిలబడి నీళ్ళలోకి కాస్టిక్‌ని కొద్దికొద్దిగా వేస్తూ కలుపు. కాస్టిక్ మీద నీళ్ళు ఎప్పుడూ పోయకు, ఒక్కసారిగా పొంగి మీదకి చిమ్ముతుంది. చూస్తుండగానే నీళ్ళు బాగా వేడెక్కి ఘాటైన ఆవిరి లేస్తుంది, దాని మీదకి వంగకు. చేతి మీద పడితే వెంటనే కుళాయి కింద పెట్టి కనీసం 15 నిమిషాలు కడుగు. నిమ్మరసం, వెనిగర్ రాయొద్దు. కంట్లో పడితే అలాగే ఆపకుండా కడిగి ఆసుపత్రికి వెళ్ళు.

అటు కాస్టిక్ నీళ్ళు, ఇటు నూనెలు, రెండు గిన్నెలూ బయట నుంచి తాకితే గోరువెచ్చగా అనిపించినప్పుడు నూనెలో కాస్టిక్ నీళ్ళు పోసి హ్యాండ్ బ్లెండర్‌తో కలుపు. ఆపి ఆపి తిప్పు. జారుగా కలిపిన దోసెల పిండిలా చిక్కబడి, గరిటెతో పైన గీస్తే గీత కాసేపు నిలబడిందా, ఇక చాలు. బటర్ పేపర్ పరిచిన ఐస్‌క్రీమ్ డబ్బాలో పోసి మూత పెట్టు. మర్నాటికి గట్టిపడుతుంది. కొబ్బరి నూనె ఎక్కువ కాబట్టి ఇంకా ఆలస్యం చేస్తే కొయ్యడం కష్టం, అంచులు విరుగుతాయి. కోసేటప్పుడూ గ్లౌజులు ఉండాలి.

తర్వాత నాలుగు నుంచి ఆరు వారాలు నీడలో, గాలి తగిలే చోట ఆరనివ్వాలి. అందరూ తొందరపడేది ఇక్కడే. సబ్బు తయారవడం రెండు రోజుల్లోనే చాలావరకు అయిపోతుంది, కానీ నీళ్ళు ఆవిరయ్యేదాకా అది మెత్తగా ఉండి నాలుగు స్నానాలకే కరిగిపోతుంది. పైన తెల్లటి పొడి కడితే కంగారుపడకు, తుడిస్తే పోతుంది. నారింజ రంగు మచ్చలు వచ్చి నూనె మక్కిన వాసన వేస్తే మాత్రం పక్కన పెట్టెయ్.

పసుపు వేద్దామా అన్నావు. పసుపులో సున్నం కలిస్తే పారాణి ఎర్రబడుతుంది కదా, కాస్టిక్ తగిలితే ఇక్కడా అదే జరుగుతుంది. పసుపుపచ్చ సబ్బు వస్తుందని ఆశపడకు. గులాబీ రేకులు గోధుమరంగుకి తిరుగుతాయి. నిమ్మరసం కాస్టిక్‌ని తినేసి లెక్క పాడుచేస్తుంది. పాలు మాడతాయి. ఇవన్నీ చేసే పద్ధతులు ఉన్నాయి, నేర్పుతాను. కానీ మొదటి సబ్బులో ఏమీ వేయకు. సాదా సబ్బు చేస్తేనే నీ తూకం, నీ చెయ్యి ఎలా ఉన్నాయో తెలుస్తుంది. పది వస్తువులు వేసి చెడిపోతే దేనివల్ల చెడిందో ఎలా చెప్పగలం?

మీ అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్ళు కదా, బకెట్ అంచున తెల్లటి తెట్టు కడుతుంది. అది నీళ్ళలోని కాల్షియం చేసే పని, సబ్బు లోపం కాదు. తలకి మాత్రం ఈ సబ్బు వాడకు, కుంకుడుకాయలే మేలు. పసిపాపకీ రాయకు. ఆఫీసులో అమ్ముతానన్నావు, దానికి లైసెన్సు కావాలి, అది తర్వాత మాట్లాడుకుందాం.

కాటా వచ్చాక ఫోన్ చెయ్యి. ఆదివారం పొద్దున్న నాకు వీలే, వీడియో కాల్ పెట్టుకుని కలుపు. కాటా మీద అంకె నాకు కనిపించేలా ఫోన్ ఆనించి పెట్టు, చంటిదాన్ని ఆ గంటసేపు అల్లుడుగారికి అప్పగించు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ