కిచెన్ స్టీవార్డుగా చేరిన అల్లుడికి

అల్లుడూ,

జడ్చర్ల దగ్గర హైవే మీది రెస్టారెంట్‌లో కిచెన్ స్టీవార్డుగా చేరావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. "డిగ్రీ చదివి బోళ్లు తోముడేందన్నా" అని బాధపడింది. చెల్లెకు నేను నచ్చజెప్తా, నువ్వు ఆ మాట మనసులో పెట్టుకోకు. ఎంత పెద్ద చెఫ్ వండినా నువ్వు కడిగిన ప్లేటులోనే వడ్డించాలి. తిన్నవాళ్లు జబ్బు పడకుండా ఇంటికి చేరడం నీ చేతుల్లో కూడా ఉంది. హైదరాబాద్ హోటళ్లలో ఇదే పనితో మొదలై సూపర్‌వైజర్‌నయ్యాను కాబట్టి తెలిసి చెప్తున్నా.

రష్‌లో కొత్తవాళ్లు చేతికందింది అందినట్టు కడిగేస్తారు. కాసేపటికే సింకు నిండిపోతుంది, గ్లాసులు పగులుతాయి. ముందు ఎంగిలి డబ్బాలోకి దులుపు, ఒకే సైజు ప్లేట్లు ఒక దగ్గర పేర్చు, గ్లాసులు విడిగా పెట్టు. ఆ తర్వాతే నీళ్లు. గుడ్డు అంటిన గిన్నె మీద మొదటే వేడినీళ్లు పోశావంటే అది ఉడికి ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. చన్నీళ్లలో నానబెట్టి అప్పుడు తోము. బిర్యానీ హండీ అడుగంటితే దానితో కుస్తీ పట్టకు. నీళ్లు పోసి పక్కన పెట్టి వేరే పని చూసుకో, నానాక సులువుగా ఊడుతుంది.

మూడు సింకులుంటే మొదటిది సబ్బుకు, రెండోది మంచినీళ్లకు, మూడోది శానిటైజర్‌కు. చాలామంది మూడోదాంట్లో ఇట్ల ముంచి అట్ల తీస్తారు. లేబుల్ మీద రాసినంతసేపు ఉంచకపోతే క్రిములు చావవు. తీశాక గుడ్డతో తుడవకు, బోర్లించి గాలికి ఆరనివ్వు. రోజంతా వాడిన ఆ గుడ్డే పెద్ద మురికి. వేడినీళ్లతో శుద్ధి చేసే మెషీన్ అయితే చివరి నీళ్ల వేడి 82 డిగ్రీలు చూపించాలి. చూపించకపోతే వెంటనే సూపర్‌వైజర్‌కు చెప్పు.

ఇక నాకు భయమున్న సంగతులు. కత్తిని ఎప్పుడూ సబ్బునీళ్ల సింకులో వదలకు. నురగ కింద కనపడదు, చెయ్యి పెట్టినవాడి వేళ్లు తెగుతాయి. చేతిలో పట్టుకునే కడుగు, అప్పుడే దాని జాగాలో పెట్టు. బ్లీచింగ్‌నూ, టాయిలెట్ కడిగే యాసిడ్‌నూ ఎవరు చెప్పినా కలపకు. దాంట్లోంచి వచ్చే క్లోరిన్ గ్యాస్ ఊపిరితిత్తులను కాల్చేస్తుంది. వేడి గిన్నెను తడిగుడ్డతో పట్టుకోకు, వేడి సర్రున చేతికెక్కుతుంది. ఐస్ డబ్బా దగ్గర గ్లాసు పగిలితే ఏరుకుంటూ కూర్చోకు, మొత్తం ఐస్ పారబోయించు. ముక్క పొరపాటున ఒక్కటి మిగిలినా ఎవరి గొంతులోకో పోతుంది. చేతికి గాయమైతే నీళ్లు చొరని పట్టీ వేసి, మీద గ్లౌజు తొడుగు.

జారని బూట్లు కొనుక్కో, అక్కడ మాత్రం పైసలు చూడకు. ఎప్పుడూ తడి ఉండే నేల అది. ఆదివారం సాయంత్రం బెంగళూరు రోడ్డు మీద బండ్ల రాక ఆగదు, ఆ రోజు కూర్చునే తీరిక దొరకదు. అందుకని షిఫ్టుకు ముందే కడుపునిండా తిని వెళ్లు, నీళ్లు తాగుతుండు.

చేయి ఖాళీ దొరికినప్పుడు ఫోన్ తీయకుండా వంటవాళ్లను చూడు. ఉల్లిగడ్డలు కోస్తానని నువ్వే అడుగు. పచ్చి మాంసం బోర్డు మీద కూరగాయలు ఎందుకు కోయరో, ఏ రంగు బోర్డు దేనికో తెలుసుకో. నాతోపాటు బోళ్లు తోమినవాళ్లలో కొందరు ఇలాగే తందూర్ దగ్గరికి చేరారు.

కాగితాల సంగతి మరువకు. పది మంది, అంతకు మించి పనిచేసే చోట నెల జీతం 21 వేల వరకు ఉంటే ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల ఆరోగ్య బీమా, ఉండాలి. నీ జీతంలోంచి కోసేది 0.75 శాతమే, ఆసుపత్రి అవసరం పడితే ఇంటిల్లిపాదికీ పనికొస్తుంది. ఏడాదికోసారి మెడికల్ పరీక్ష కూడా చేయించాలి, అడుగు. సర్టిఫికెట్ల జిరాక్సులే ఇవ్వు, ఒరిజినల్స్ ఇంట్లోనే ఉండనీ.

మొదటి జీతం రాగానే స్లిప్ ఫోటో తీసి నాకు పంపు. కోతలు సరిగా ఉన్నాయో లేదో చూసి చెప్తా.

మీ మామ