రెండు భాషలు వినడం వల్ల ఆటిజం వస్తుందా?

ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా వినడం వల్లే మీ మూడేళ్ల బాబుకు మాటలు రాలేదని, తెలుగు మానేసి ఒడియా ఒక్కటే మాట్లాడమని చుట్టుపక్కలవారు చెబుతున్నారని, ఇది నిజమేనా లేక ఆటిజమా అని మీరు అడిగారు. మేము పర్లాకిమిడిలో ఉంటాము. ఆటిజం ఉన్న మా అబ్బాయి ఈ రెండు భాషల మధ్యే పెరుగుతున్నాడు. దయచేసి ఇంట్లో తెలుగు మానకండి.

రెండు భాషలు వినడం వల్ల ఆటిజం రాదు. దాని మూలాలు చాలావరకు జన్యువుల్లోను, పుట్టుకకు ముందే మొదలయ్యే మెదడు ఎదుగుదలలోను ఉన్నాయి. ఐదు దేశాల్లో సుమారు ఇరవై లక్షల మంది పిల్లల వివరాలను పరిశీలించి 2019లో వెలువడిన అధ్యయనం, ఆటిజం ఒకరికి వచ్చి మరొకరికి రాకపోవడంలోని తేడాకు దాదాపు 80 శాతం వంశపారంపర్య జన్యువులే కారణమని అంచనా వేసింది. తల్లి దగ్గరకు తీసుకోకపోవడం వల్ల వస్తుందన్న పాత వాదన ఎన్నడో వీగిపోయినా, ఆ మాటతో కోడళ్లను ఇప్పటికీ నొప్పించడం నాకు చాలా బాధ కలిగిస్తుంది. 2012లో కెనడాలో ఆటిజం ఉన్న 75 మంది పిల్లలను పరిశీలించినప్పుడు కూడా, రెండు భాషలు వింటున్నవారు ఆ కారణంగా మాటల్లో మరింత వెనకబడినట్లు కనబడలేదు.

అందువల్ల ఎన్ని మాటలు వచ్చాయన్న లెక్క కంటే, మాట లేకుండా బాబు మీతో ఎలా మెలుగుతున్నాడో గమనించండి. కేవలం మాట ఆలస్యమైన పిల్లవాడు సాధారణంగా వేలు పెట్టి చూపిస్తాడు, గోడ మీద కాకి వాలితే దాన్నీ మన ముఖాన్నీ మార్చి మార్చి చూస్తాడు, సైగలతోనైనా పని జరుపుకుంటాడు. మా వాడు బిస్కెట్టు కావాలంటే నా మణికట్టు పట్టుకుని తీసుకువెళ్లి, ముఖం వంక చూడకుండానే నా చేతిని డబ్బా మూత మీద పెట్టేవాడు. మాటలు వచ్చాక, దాహం వేస్తే మా అమ్మ గొంతులోని తీరుతో సహా "నీళ్లు కావాలా?" అనేవాడు. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామంది విన్న వాక్యాన్నే ఇలా తమ అవసరం చెప్పడానికి వాడుకుంటారు. అయితే ఈ లక్షణాలన్నీ అందరిలోనూ ఒకేలా ఉండవు.

ముందుగా బేరా అనే వినికిడి పరీక్ష చేయించండి. ఆటిజాన్ని తేల్చే రక్తపరీక్ష గాని స్కానింగు గాని లేదు. పిల్లవాడిని గమనించి, మీతో వివరంగా మాట్లాడి నిపుణులే నిర్ధారిస్తారు. జిల్లా ఆసుపత్రిలో డీఈఐసీ, అంటే పిల్లల ఎదుగుదలలోని సమస్యలను తొందరగా గుర్తించి సాయపడే విభాగం, ఉందేమో అడగండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో ఆటిజం కూడా ఉన్నందున, నిర్ధారణ అయితే ధ్రువపత్రానికి దరఖాస్తు చేయవచ్చు.

థెరపిస్టు ఒడియాలో నేర్పితే పక్కనే కూర్చుని చూసి, అదే పనిని ఇంట్లో తెలుగులో చేయించండి. మా అమ్మకు ఒడియా రాదు, వాడితో రోజంతా గడిపేది ఆవిడే. కాబట్టి మేము ఇలాగే చేశాము. నిర్ధారణ కాగితం చేతికి వచ్చేవరకు స్పీచ్ థెరపీని ఆపవలసిన అవసరం లేదు, ఈ నెలలోనే మొదలుపెట్టండి.