కవచం కింది చర్మం

అమ్మాయ్,

ఆశీస్సులు. నీ కర్ణుడి నవల మొదటి ఆరు అధ్యాయాలూ రెండుసార్లు చదివాను. మొదటిసారి మధ్యాహ్నం భోజనం చేసి పడక కుర్చీలో చదివితే కునుకు రాలేదు. అంటే బాగానే రాశావన్నమాట. రెండోసారి పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను. కాగితాల నిండా ఉన్న నా గీతలు చూసి టెన్షన్ పడకు.

మొదటి పేజీలోనే ఆజానుబాహుడు, విశాలమైన ఛాతీ, బంగారు ఛాయ, నిప్పులు కక్కే కళ్ళు అని వరసపెట్టి రాశావు. ఇవన్నీ అర్జునుడికీ సరిపోతాయి, సంబంధాల కోసం పంపే పెళ్ళికొడుకు వివరాలకూ సరిపోతాయి. అలాగని వ్యాసుడు కర్ణుణ్ణి వర్ణించలేదని కాదు. విద్యల ప్రదర్శన రోజున బంగారు తాడిచెట్టులా ఉన్నాడన్నాడు, నడిచే కొండలా ఉన్నాడన్నాడు. కానీ ఆ తర్వాత ఆ ఒంటిని మనకు ఎప్పుడు చూపించినా, దానికి ఏదో ఒకటి జరుగుతున్నప్పుడే చూపిస్తాడు.

అదే సన్నివేశం తీసుకో. దుర్యోధనుడు అప్పటికప్పుడు అంగరాజ్యం ఇచ్చాడు. అభిషేకం నీళ్ళు తల మీద ఇంకా ఆరలేదు. అంతలో పెంచిన తండ్రి, రథాలు తోలే అధిరథుడు కర్ర పట్టుకుని, చెమటలు కారుతూ, పైబట్ట జారిపోతూ వచ్చాడు. కర్ణుడు విల్లు వదిలేసి, ఆ తడి తలతోనే తండ్రికి దణ్ణం పెట్టాడు. ఆ ముసలాయన ఏం చేశాడో నువ్వు రాయలేదు. గాభరాగా తన పాదాలను బట్ట చెంగుతో కప్పుకున్నాడు. రాజైపోయిన కొడుకు తన కాళ్ళ మీద పడుతున్నాడు మరి! తర్వాత కౌగలించుకుని ఏడిస్తే ఆ తల మళ్ళీ తడిసింది. వెంటనే భీముడు, నీకు కొరడాయే తగిందని ఎగతాళి చేశాడు. కర్ణుడు మాట్లాడలేదు. పెదవి కొంచెం అదిరింది, నిట్టూర్చి ఆకాశంలో సూర్యుడి వైపు చూశాడు. అంతే. నువ్వు ఈ చోట అతని చేత పేజీన్నర ఉపన్యాసం ఇప్పించావు. అది కొట్టేశాను.

కవచం సంగతి. చిన్నప్పుడు మా ఊళ్ళో నాటకం వేస్తే కర్ణుడి వేషగాడికి అట్టముక్క మీద బంగారు కాగితం అంటించి కట్టారు. రెండో అంకంలో తాడు తెగి అది జారిపడింది, జనం ఒకటే నవ్వు. నేనూ నవ్వాను. పుట్టుకతో వచ్చిన కవచం జారదు కదా అన్నది చాలా ఏళ్ళకు గానీ తట్టలేదు. స్నానానికి తియ్యడానికి ఉండదు. తల్లి నిమిరితే ఆ చెయ్యి ఛాతీకి తగలదు. ఇదంతా భారతంలో లేదు, నా ఊహ. నీ ఊహ నువ్వు చెయ్యి. ఇంద్రుడు వచ్చిపోయాక ఆ చర్మానికి మొదటిసారి గాలి తగిలినప్పుడు ఎలా ఉంటుందో ఒక్క పేరా రాయి, ఆ పేరా కోసం నవల మొత్తం చదువుతాను.

ఆ ఘట్టంలోనే కర్ణుడి మనసు తాళంచెవి ఉంది. ఇంద్రుడు మారువేషంలో వస్తాడు, ఇవ్వకు, చస్తావని సూర్యుడు ముందే కలలో హెచ్చరించాడు. ప్రాణం కన్నా కీర్తే నాకు ముఖ్యం అన్నాడు కర్ణుడు. అంతటివాడూ ఇంద్రుణ్ణి ఒకటి అడిగాడు, కోసి ఇచ్చాక నా ఒళ్ళు వికారంగా కనిపించకూడదని. చావుకు జంకనివాడు మచ్చకు జంకాడు! నలుగురిలో తన రూపం, తన పేరు, తన చోటు. ఆ ఆకలి పుట్టింది ఆ తడి తలతో నిలబడిన రోజునే అని నాకనిపిస్తుంది.

ఇక అసలు గొడవకు వస్తాను. నువ్వు జూదపు సభను నాలుగు వాక్యాల్లో దాటేశావు, అదీ దుశ్శాసనుడి మీదకు నెట్టేసి. ద్రౌపది పక్షాన నోరు విప్పిన వికర్ణుణ్ణి గదమాయించింది కర్ణుడు. ఆమెను పలకరాని మాట అన్నదీ, పాండవుల బట్టలూ ఆమె బట్టలూ ఊడదియ్యమన్నదీ కర్ణుడే. నీకు అతని మీద ప్రేమ ఉంది కాబట్టి ఆ మాటలు రాయడానికి చెయ్యి రాలేదు, నాకు తెలుసు. కానీ చూడు, నిండు సభలో పుట్టుక పేరు చెప్పి అవమానం పొందినవాడే ఇంకో నిండు సభలో ఒక ఆడమనిషిని అవమానించాడు. తనకు పీట వేసి కూర్చోబెట్టినవాడు సంతోషించాలి కదా! ఈ రెండు సభలూ ఎదురెదురుగా నిలబడకపోతే నీ కర్ణుడు ఉత్తి బాధితుడు. అలాంటివాడి మీద జాలి పుడుతుంది, పుస్తకం మూసేస్తే పోతుంది.

ఆ సభలోనే ఒంటి గురించి ఇంకో ముక్క దాగి ఉంది. కర్ణుడు అంతేసి మాటలంటుంటే ధర్మరాజుకు కోపం వచ్చింది, కానీ అతని పాదాలు చూడగానే చల్లారిపోయింది. ఆ పాదాలు కుంతి పాదాల్లా ఉన్నాయి. ఎందుకలా ఉన్నాయో ఎంత ఆలోచించినా అంతుపట్టలేదని, యుద్ధం అయిపోయి అంతా తెలిసిపోయాక నారదుడితో చెప్పుకుని ఏడుస్తాడు. అక్కడ తండ్రి చెంగుతో కప్పుకున్న పాదాలు, ఇక్కడ తల్లిని పట్టిచ్చిన పాదాలు. ఇంతకు మించిన సామగ్రి ఎవరిస్తారే నీకు?

కర్ణుడి ఒళ్ళో పరశురాముడి నిద్ర, తొడ తొలిచిన పురుగు బాగానే రాశావు, ముట్టుకోను. ఘోషయాత్రలో గంధర్వుల ముందు నిలవలేక తప్పుకోవడం, ఉత్తర గోగ్రహణంలో ఓడిపోవడం మాత్రం ఎగ్గొట్టావు. పెట్టు. ఓటమి తెలిసినవాడే మళ్ళీ మళ్ళీ గొప్పలు చెప్పుకుంటాడు.

కృష్ణుడు రథం ఎక్కించుకుని జన్మరహస్యం చెప్పినప్పుడు కర్ణుడు నిర్ఘాంతపోయినట్టు రాశావు. సినిమాకైతే బాగుంటుంది. భారతంలో కర్ణుడు, అదంతా నాకు తెలుసు అంటాడు. తనను చూడగానే చేపు వచ్చిన పెంపుడు తల్లి రాధను, జాతకర్మ చేయించిన అధిరథుణ్ణి వదలనంటాడు. దుర్యోధనుణ్ణి సంతోషపెట్టడానికి పాండవులను అన్న మాటలు తలుచుకుంటే ఇప్పుడు బాధగా ఉందంటాడు. ఈ రహస్యం ధర్మరాజుకు చెప్పకు, తెలిస్తే రాజ్యం తీసుకోడు, నా చేతికొస్తే నేను దుర్యోధనుడికి ఇచ్చేస్తానంటాడు. అన్నీ తెలిసి, తప్పు ఒప్పుకుని, ఓడిపోతామని కూడా తెలిసి ఆ పక్షానే నిలబడ్డాడు. కర్ణుడి చావుకు కారణాలు అనేకం అని మనవాళ్ళు ఊరికే అనలేదు గానీ, నువ్వు శాపాలన్నీ లెక్కపెట్టి చూపించి ఈ ఒక్కటి వదిలేశావు.

వీలైతే భారతాన్ని తెలుగు చేసిన మన ముగ్గురు కవులనూ పక్కపక్కన పెట్టుకుని చదువు. తడి తల నన్నయ దగ్గర, కవచం ఎర్రన దగ్గర, విరాటపర్వం నుంచి తిక్కన దగ్గర. ఒకే మనిషి మూడు చేతుల్లో ఎలా మారాడో గమనించు. తిక్కన దగ్గర సంభాషణలు పైకి చదువుకో, నీ డైలాగుల్లో నీళ్ళు ఎక్కడెక్కడ ఉన్నాయో నీకే తెలుస్తుంది.

ఏడో అధ్యాయం తర్వాత చూద్దాం. ముందు జూదపు సభ మళ్ళీ రాసి పంపు. ఆ మాట కర్ణుడి నోటితోనే అనిపించు, "అన్నాడట" అని తప్పించుకోకు. కాగితాల మీదే పంపు, ఫోన్లో చదవడం నా కళ్ళ వల్ల కావడం లేదు. మీ అమ్మను అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ మాస్టారు