హీమ్ మోసే ప్రొటీన్ల మీద పీహెచ్‌డీ: అమ్మాయిని పంపొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ ఆఖరి సెమిస్టర్‌లో ఉంది. బ్యాక్టీరియా హీమ్‌ను పట్టుకుని లోపలికి మోసుకెళ్లే ప్రొటీన్ల నిర్మాణం మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది. ఒక ల్యాబ్ వాళ్లు సీటు కూడా ఇస్తామన్నారు. ఐదేళ్లు ఇంత చిన్న విషయం పట్టుకుని కూర్చుంటే రేపు ఉద్యోగం ఏముంటుంది? పైగా ప్రొటీన్ల ఆకారాలన్నీ ఇప్పుడు ఏఐ చెప్పేస్తోందట. నాకు టెన్షన్‌గా ఉంది. – ఒక తండ్రి

జవాబు: మీరు అడిగిన రెండింటిలో ఏఐ సంగతే గట్టి ప్రశ్న. ‘చిన్న విషయం’ అన్నది అంత గట్టిది కాదు. పీహెచ్‌డీ అన్నాక ఎవరిదైనా చిన్న విషయమే. అయితే మీ అమ్మాయి దేని మీద పనిచేయబోతోందో మీకూ కాస్త తెలిస్తే ఇంట్లో మాట్లాడుకోవడం సులువవుతుంది. ముందు అది చెబుతాను.

మన ఒంట్లో ఉన్న ఇనుములో సుమారు మూడింట రెండు వంతులు హిమోగ్లోబిన్‌లోనే ఉంటుంది. అక్కడ కూడా విడిగా ఉండదు. హీమ్ అనే చదునైన అణువు నడుమ, నాలుగు నైట్రోజన్లు దాన్ని నాలుగు వైపులా పట్టుకుని ఉంటాయి. రోగం తెచ్చే బ్యాక్టీరియాకూ ఇనుము కావాలి. శరీరమేమో దాన్ని అందకుండా దాచేస్తుంది. అందుకని కొన్ని బ్యాక్టీరియాలు ఏకంగా హీమ్‌నే ఎత్తుకుపోతాయి. చిక్కేమిటంటే హీమ్ నీళ్లలో సరిగ్గా కరగదు, విడిగా వదిలేస్తే కణం పొరలను పాడుచేస్తుంది. అందుకే దాన్ని ఎక్కడా కింద పెట్టకుండా ఒక ప్రొటీన్ చేతి నుంచి ఇంకో ప్రొటీన్ చేతికి అందిస్తూ పోవాలి.

చీముగడ్డలు తెచ్చే స్టెఫైలోకాకస్ ఆరియస్‌లో ఈ పని చేసే ప్రొటీన్లను ఐఎస్‌డీ అంటారు. కణం గోడ మీద ఐఎస్‌డీ-బీ, ఐఎస్‌డీ-హెచ్ హిమోగ్లోబిన్‌ను పట్టి హీమ్‌ను లాగుతాయి. ఐఎస్‌డీ-ఏ, ఐఎస్‌డీ-సీ అందుకుని లోపలివైపు పంపిస్తాయి. వీటిలో హీమ్ కూర్చునే భాగం ‘నీట్ డొమైన్’. సుమారు 120 అమైనో ఆమ్లాల చిన్న ముక్క, మన యాంటీబాడీల్లో కనిపించే మడతలాంటిదే దీనికీ ఉంది. హీమ్‌లోని ఇనుమును అందులోని టైరోసిన్ అనే ఒక అమైనో ఆమ్లం పట్టుకుంటుంది.

నాకు వీటన్నిటికంటే సెరాషియా మార్సెసెన్స్ కథ ఎక్కువ ఇష్టం. ఆ బ్యాక్టీరియా హాస్-ఏ అనే చిన్న ప్రొటీన్‌ను బయటికి వదులుతుంది. అది ఒకవైపు హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లంతో, ఇంకోవైపు టైరోసిన్‌తో హీమ్‌ను రెండు వేళ్ల మధ్య బిళ్లలా నొక్కి పట్టుకుని, కణం బయటి పొరలో ఉన్న హాస్-ఆర్ అనే ద్వారం దగ్గరికి తెస్తుంది. విచిత్రం ఏమిటంటే హీమ్‌ను హాస్-ఆర్ కంటే హాస్-ఏనే చాలా గట్టిగా పట్టుకుంటుంది. అంత గట్టి పట్టు నుంచి వదులు పట్టులోకి హీమ్ ఎలా మారుతుంది? 2009లో ఆ రెండూ కలిసి ఉన్న స్ఫటికాన్ని ఎక్స్‌రేలతో చూసి నిర్మాణం కనుక్కున్నాక జవాబు తెలిసింది. రెండు ప్రొటీన్లు ఒకదానికొకటి అతుక్కోవడంలో వచ్చే శక్తే హాస్-ఏ పట్టును విడిపిస్తుంది. హాస్-ఆర్‌లోని ఐసోల్యూసిన్ అనే ఒక అమైనో ఆమ్లం సరిగ్గా హీమ్ ఉండే చోటికి చొచ్చుకొచ్చి దాన్ని పక్కకు తోస్తుంది.

ఇప్పుడు ఏఐ దగ్గరికి వద్దాం. ప్రొటీన్ ఆకారాన్ని ఊహించే ఏఐ ప్రోగ్రామ్ ఆల్ఫాఫోల్డ్ చేసింది మామూలు పని కాదు. 2024 కెమిస్ట్రీ నోబెల్‌లో సగం దాన్ని తయారుచేసిన డెమిస్ హస్సాబిస్, జాన్ జంపర్‌లకే వచ్చింది. 2021లో అందరి చేతికీ వచ్చిన ఆల్ఫాఫోల్డ్ 2 ప్రొటీన్ మడత చూపించేది కానీ అందులో హీమ్‌ను పెట్టేది కాదు. 2024లో వచ్చిన ఆల్ఫాఫోల్డ్ 3 హీమ్ లాంటి చిన్న అణువులను కూడా కలిపి ఊహిస్తుంది. కాబట్టి ‘ఒక ప్రొటీన్ ఆకారం కనుక్కున్నాను’ అన్న ఒక్క మాట మీద థీసిస్ రాసే రోజులు దాదాపు పోయాయి. ఈ విషయంలో మీ భయం నిజమే.

కానీ పైన చెప్పిన ప్రశ్న చూడండి. గట్టి చేతి నుంచి వదులు చేతికి హీమ్ ఎలా వెళ్లింది, ఎంత వేగంగా వెళ్లింది, ఏ అమైనో ఆమ్లాన్ని మార్చేస్తే ఆగిపోతుంది? ఊహించిన ఒక బొమ్మ వీటికి జవాబు చెప్పదు. ప్రొటీన్‌ను చేతులతో తయారుచేసి, మార్చి, కొలిచి చూడాల్సిందే. అందుకే మీ అమ్మాయికి నేను చెప్పే మాట ఒక్కటే: నిర్మాణంతో ఆగిపోయే ల్యాబ్‌కు వెళ్లొద్దు, నిర్మాణం నుంచి మొదలుపెట్టే ల్యాబ్‌కు వెళ్లమనండి.

పని ఎలా ఉంటుందో కూడా తెలియాలి. ప్రొటీన్‌ను ఈ-కోలై అనే బ్యాక్టీరియాలో తయారుచేయిస్తారు. హీమ్ పట్టిన ప్రొటీన్ బాగా తయారైతే సెంట్రిఫ్యూజ్ అడుగున కణాల ముద్ద గులాబీ రంగులో కనిపిస్తుంది. ఈ సుఖం చాలా ప్రొటీన్ల వాళ్లకు లేదు, పని అయిందో లేదో వీళ్లకు రంగే చెబుతుంది. హీమ్ కాంతిని గట్టిగా పీల్చుకునే చోటు, అంటే 400 నానోమీటర్ల దగ్గర వచ్చే సోరే బ్యాండ్ చూసి హీమ్ ఎలా కూర్చుందో అంచనా వేయొచ్చు. అయితే హీమ్ జిగటది, ఎక్కడ పడితే అక్కడ అంటుకుంటుంది. కొత్తవాళ్లు దాన్ని చూసి ‘బైండింగ్ వచ్చింది’ అని సంబరపడి, మూడు నెలల తర్వాత అది ఉత్త అంటుకోవడమేనని తెలుసుకోవడం మామూలే. స్ఫటికాలు నెలల తరబడి రావు. పొరలో ఉండే ప్రొటీన్ అయితే దాన్ని పొర నుంచి విడదీసే సరైన డిటర్జెంట్ దొరకడానికే ఏడాది పట్టొచ్చు. ఇలాంటి రోజుల్లో కూడా మర్నాడు ల్యాబ్‌కు వెళ్లాలనిపించే పిల్లకే ఈ దారి. మార్కులు దీన్ని చెప్పలేవు. మీ అమ్మాయి ప్రాజెక్టులో ప్రయోగం చెడిపోయినప్పుడు ఇంటికొచ్చి ఏం మాట్లాడిందో గుర్తుచేసుకోండి, నాకంటే మీకే బాగా తెలుస్తుంది.

‘మందు కనిపెడతాను’ అనే ఆశతో మాత్రం వెళ్లనివ్వకండి. ఐఎస్‌డీ-బీ మీద ఒక వ్యాక్సిన్ చేసి, గుండె, ఛాతీ ఆపరేషన్లకు వెళ్లే సుమారు 8 వేల మందితో పరీక్ష పెట్టారు. ఇన్ఫెక్షన్లు తగ్గలేదు. పైగా టీకా తీసుకున్నాక కూడా స్టెఫైలోకాకస్ సోకినవాళ్లలో మరణాలు ఎక్కువ కనిపించాయి. 2011లో ఆపేశారు. హీమ్‌లో ఇనుము బదులు గాలియం పెట్టి బ్యాక్టీరియాను మోసగించే ఆలోచన ల్యాబ్ ప్రయోగాల్లో పనిచేసింది, కానీ ల్యాబ్ నుంచి మందుల షాపు దాకా దారి చాలా దూరం.

ఉద్యోగాల సంగతి. ‘హీమ్ నిపుణులు కావలెను’ అని ప్రకటన ఎక్కడా రాదు. కంపెనీలు అడిగేది ప్రొటీన్ శుద్ధి, బైండింగ్ కొలతలు, ఎక్స్‌రే క్రిస్టలోగ్రఫీ (స్ఫటికాల నుంచి నిర్మాణం కనుక్కోవడం), క్రయో-ఈఎం (గడ్డకట్టించి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో చూడటం), పొరలో ఉండే ప్రొటీన్లతో అనుభవం. మందుల్లో పెద్ద భాగం పనిచేసేది పొర ప్రొటీన్ల మీదే కాబట్టి ఆఖరిదానికి విలువ ఎక్కువ. వీటితోపాటు పైథాన్ కూడా వస్తే డ్రగ్ డిస్కవరీ, ఎంజైమ్ ఇంజనీరింగ్, బయోలాజిక్స్ (ప్రొటీన్ మందుల్లాంటివి) తయారీ, పేటెంట్ల పని, ఏ తలుపైనా తట్టొచ్చు. ప్రొఫెసర్ ఉద్యోగం ఒక్కటే లక్ష్యమైతే పోటీ చాలా ఎక్కువ, అది ఇప్పుడే చెప్పుకోవడం మంచిది.

ఇక సీటిచ్చిన ల్యాబ్. హాస్-ఏ లాంటి 19 కిలోడాల్టన్ల ప్రొటీన్ ఒంటరిగా క్రయో-ఈఎంకు మరీ చిన్నది, దానికి స్ఫటికమో, అయస్కాంత క్షేత్రంతో నిర్మాణం చూసే ఎన్‌ఎమ్‌ఆరో కావాలి. హాస్-ఆర్ లాంటి పెద్ద ద్వారాలకు క్రయో-ఈఎం బాగుంటుంది. ఈ ల్యాబ్ వాళ్లకు ఈ రెండు రకాల పనికీ వీలుందా, స్ఫటికాలకు కావలసిన గట్టి ఎక్స్‌రేలు ఇచ్చే సింక్రోట్రాన్ యంత్రంలో సమయం ఎలా దొరుకుతోంది అని అడగమనండి. తనకిచ్చే ప్రొటీన్ ఇప్పటికే ఎవరైనా శుద్ధి చేశారా, లేక సున్నా నుంచా? నిర్మాణం రాకపోతే, లేదా వేరే గ్రూపు ముందే ప్రచురించేస్తే, థీసిస్ దేనితో నిలబడుతుంది? దీనికి గైడ్ తడబడకుండా జవాబు చెబితే మంచి గుర్తు. ‘అప్పుడు చూద్దాంలే’ అంటే నేనైతే వెనక్కి తగ్గుతాను.

నిర్ణయానికి ముందు ఒక వారం ఖర్చుపెట్టమనండి. ప్రొటీన్ డేటా బ్యాంక్‌లో ఈ నిర్మాణాలన్నీ ఉచితమే. హీమ్ ఉన్న హాస్-ఏ, హీమ్ లేని హాస్-ఏ రెండూ దింపుకుని, కైమెరా-ఎక్స్ అనే ప్రొటీన్ బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో ఒకదాని మీద ఒకటి పెట్టి, హిస్టిడిన్ ఉన్న వంపు ఎంత కదిలిందో చూడమనండి. చూశాక మీకు వివరించమనండి. పది నిమిషాల్లో ముగించేసి ఫోన్ తీసిందా, భోజనం చల్లారిపోతున్నా చెబుతూనే ఉందా అన్నది మీరే గమనించండి. తర్వాత ఆ ల్యాబ్‌లో పీహెచ్‌డీ పూర్తిచేసిన ఒకరికి, మధ్యలో వదిలేసిన ఒకరికి ఫోన్ చేయమనండి. ఆ రెండో ఫోన్ అయ్యాకే సీటుకు సరే అని చెప్పనివ్వండి.