ఇంత పెద్ద దేశంలో అందరికీ ప్రభుత్వ వైద్యం కుదిరే పనేనా?

కుదురుతుంది. జనాభా ఎక్కువ కాబట్టి కాదనే వాదన నాకు ఎక్కదు, జనం ఎక్కువైతే పన్ను కట్టేవాళ్లూ ఎక్కువే కదా. 20 కోట్లు దాటిన బ్రెజిల్ 1988 రాజ్యాంగంలోనే వైద్యాన్ని హక్కుగా రాసుకుని, లోటుపాట్లతోనే అయినా, ఇప్పటికీ నడుపుతోంది. థాయ్‌లాండ్ 2002లో 30 బాత్‌ల (అక్కడి కరెన్సీ) ఫీజుతో అందరికీ వైద్యం ఇచ్చింది, అప్పటికి అదేం సంపన్న దేశం కాదు.

మన 2017 ఆరోగ్య విధానం మాత్రం 2025కల్లా వైద్యం మీద ప్రభుత్వ ఖర్చు జీడీపీలో 2.5 శాతానికి చేరాలంది. చేరలేదు.

ఆపరేషన్లకు ఆరోగ్యశ్రీ (ఏపీలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) ఉంది, సరే. కనిగిరి పక్క పల్లెలో షుగరున్న పెద్దాయనకి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో (పీహెచ్‌సీలో) మందు లేకపోతే, నెలనెలా మెడికల్ షాపు బిల్లు, ఒంగోలు బస్సు ఛార్జీ, పోయిన కూలీ అన్నీ ఆయన జేబులోంచే. మందు మానేస్తే కిడ్నీ దాకా వస్తుంది, అప్పుడు డయాలసిస్ ఖర్చు ప్రభుత్వానిదే! డబ్బు ముందు పీహెచ్‌సీలో పెట్టాలి.